చిన్న నొప్పులు, పొడుగు పరుగు

కథలు, కవితలు వచ్చే పత్రికలో కాళ్ళ నొప్పుల పాఠం ఏంటని అనిపించొచ్చు. కానీ మన క్లబ్ గ్రూపులోనే చూడండి, పరుగెత్తేవాళ్ళు ఎంతమంది ఉన్నారో. కొందరికి ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్, కొందరికి పోలీస్ ఈవెంట్స్, కొందరికి అగ్నివీర్. వీళ్ళలో ఎవరిని కదిలించినా ఏదో ఒక చిన్న నొప్పి ఉంటుంది. పిక్కలో, మోకాట్లో, మడమలో. అందరిదీ ఒకటే ప్రశ్న: ఆపాలా, కొనసాగించాలా?

దీనికి బయట దొరికే జవాబులు రెండు. ఇంట్లోవాళ్ళు "బంద్ పెట్టు" అంటారు. గ్రౌండ్‌లో దోస్తులు "నొప్పి ఉంటది, పట్టించుకోకు, ఉరుకు" అంటారు. ఈ రెండింటి మధ్య చాలా జాగా ఉంది. ఈ పాఠం ఆ మధ్య జాగా గురించి.

నాది నర్సంపేట. సీఎస్ఈ సెకండియర్. హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్ల కోసం తయారవుతుంటే జూన్ మొదటి వారంలో ఎడమకాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. హన్మకొండలో ఫిజియోథెరపిస్ట్ చూసి షిన్ స్ప్లింట్స్ అన్నారు. అప్పటికి రేసుకు 12 వారాలు ఉన్నాయి. అదే గ్రౌండ్‌లో మా పెదనాన్న కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఉరుకుతున్నాడు. అన్నకు మోకాటిచిప్ప చుట్టూ నొప్పి. నాకు రేసు పోతే ఒక టీషర్టు, ఒక మెడల్ పోతాయి. అన్నకు ఈవెంట్ పోతే ఇంకో నోటిఫికేషన్ దాకా ఆగాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఈ సెలవుల్లో ఇద్దరి కాళ్ళ గురించీ కూర్చుని చదివాను. చదివిందీ, చేస్తున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

1. ఊపిరి ముందు, ఎముక ఆఖర్న

పరుగు మొదలుపెట్టిన రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది. ఆయాసం తగ్గుతుంది. ఒంట్లో రక్తం పరిమాణం పెరగడానికి ఒకటి రెండు వారాలు చాలు. కండరం బలపడడానికి నెలా రెండు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు రక్తం తక్కువగా అందుతుంది, దానికి నెలలు కావాలి. ఎముక అన్నింటికంటే నిదానం.

ఎముక ఎట్లా గట్టిపడుతుందో తెలిస్తే సగం సమస్య అర్థమైనట్టే. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తన పాత భాగాన్ని తానే తవ్వేసుకుంటుంది. ఆ పని చేసే కణాలు ఆస్టియోక్లాస్టులు. తర్వాత ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు వచ్చి కొత్త ఎముకను పోస్తాయి. తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది, పూడిక మాత్రం నెలల మీద నడుస్తుంది. మన ఊళ్ళో రోడ్డు పనిలాగే. పాత రోడ్డు తవ్వి వదిలేసిన రోజుల్లో అది మునుపటికంటే అధ్వానంగా ఉంటుంది. ఆ రోజుల్లోనే లారీలు పోనిస్తే గుంతలు పడతాయి.

పరుగు మొదలుపెట్టిన మూడు, నాలుగు వారాలకు సరిగ్గా అదే జరుగుతుంది. ఊపిరి బాగా అందుతుంటుంది కాబట్టి ఇంకో రెండు కిలోమీటర్లు పోవాలనిపిస్తుంది. లోపల ఎముక తవ్వకం దశలో ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి కాలి మీద పడే బలం మన బరువుకు రెండు నుంచి మూడింతలు. నిమిషానికి 170 అడుగుల చొప్పున రెండున్నర గంటలు పరుగెత్తితే 25,500 అడుగులు. ఒక్కో కాలికి పన్నెండు వేల ఏడువందల యాభై దెబ్బలు. కాబట్టి చిన్న నొప్పులు ఎక్కువగా ఒకే కారణంతో వస్తాయి: కాలి శక్తి పెరిగే వేగం కంటే బరువు పెరిగే వేగం ఎక్కువ కావడం. బాగు చేసుకునే దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. బరువు కొంత దించాలి, కాలి శక్తి పెంచాలి. రెండూ ఒకేసారి నడవాలి.

2. నొప్పికి మన దగ్గరున్న పేర్లు

ఫోన్‌లో ట్రైనింగ్ యాప్ రోజూ అడుగుతుంది, పెయిన్ ఉందా లేదా అని. అవును, కాదు, రెండే బటన్లు. ఇంట్లో మా నాయినమ్మ అడిగే పద్ధతి వేరే. "గుంజుతున్నదా? సలుపుతున్నదా? పోటు పొడిసినట్టున్నదా? తిమ్మిరెక్కినట్టున్నదా?" ఫిజియో దగ్గరికి పోతే ఆవిడ కూడా ఇవే ప్రశ్నలు వేసింది, సగం ఇంగ్లీషులో. నొప్పి ఎట్లాంటిదో చెప్పగలిగితే అది ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం సులువవుతుంది. మన భాషలో ఆ మాటలు ముందే ఉన్నాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇవి పరుగు వల్ల పనికొచ్చాయి.

తీపులు: రెండు కాళ్ళూ ఒకేలా బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండడం. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు మొదలై మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది కండరం అలవాటు పడుతున్న నొప్పి, భయం లేదు.

గుంజుడు: పిక్క, తొడ వెనక భాగం లాగినట్టు ఉండడం. నిదానంగా వచ్చి, కాస్త నడిస్తే వదిలితే కండరం బిగుసుకుంది అనుకోవచ్చు. పరుగు మధ్యలో టక్కున పట్టుకుని కుంటించిందంటే కండరం పోగులు తెగి ఉండొచ్చు. ఆ రోజు అక్కడే ఆపాలి.

బెణుకు: చీలమండ మెలిక పడడం. ఎముకను ఎముకతో కలిపే లిగమెంట్ సాగుతుంది. వాపు వస్తుంది.

ముల్లు గుచ్చినట్టు: పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున వచ్చే నొప్పి. పది అడుగులు వేశాక తగ్గుతుంది. ఇది అరికాలి కింద పట్టీలాంటి కణజాలానిది, ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు.

సలుపు: కదలకుండా పడుకున్నా లోపల నుంచి నొప్పి రావడం. రాత్రి నిద్ర లేపేదైతే తేలిగ్గా తీసుకోకూడదు.

పోటు: ఎముక మీద ఒకే చోట, వేలి కొనతో చూపించగలిగేంత చిన్న జాగాలో పొడిచినట్టు ఉండడం. ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యే అవకాశం ఉంటుంది.

షిన్ స్ప్లింట్స్ నొప్పి అట్లా ఒక్కచోట ఉండదు. ఎముక లోపలి అంచు వెంబడి నాలుగైదు వేళ్ళ వెడల్పున పరుచుకుని ఉంటుంది. నాది అదే. వేలితో చూపించమంటే చూపించలేను, అరచేతితో రుద్ది చూపించాలి.

ఇంకో మాట. మన దగ్గర ఏ నొప్పికైనా "నరం పట్టింది" అనడం అలవాటు. అది కండరం కావచ్చు, టెండన్ కావచ్చు, నిజంగా నరమే కావచ్చు. నరం అయితే సాధారణంగా తిమ్మిరో, మంటో, కరెంటు పారినట్టో ఉంటుంది. డాక్టర్ దగ్గర "నరం పట్టింది" అనే బదులు పై మాటల్లో చెప్పండి. వాళ్ళ పని తేలికవుతుంది. ఈ పట్టీ రోగ నిర్ధారణ మాత్రం కాదు. మనల్ని మనం గమనించుకోవడానికి పనికొచ్చే మాటల సంచి, అంతే.

3. పదికి ఎంత?

నొప్పి రకం తెలిశాక తర్వాతి ప్రశ్న దాని కొలత. స్వీడన్ ఫిజియోథెరపిస్టులు వాడకంలోకి తెచ్చిన ఒక పద్ధతి ఉంది. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయాలి. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఊహించగలిగినంత. 2 దాకా నిశ్చింత. 2 నుంచి 5 మధ్య ఉంటే వ్యాయామం కొనసాగించొచ్చు, కానీ రెండు షరతులు: మర్నాడు పొద్దుటికల్లా నొప్పి తగ్గిపోవాలి, వారం వారం పెరగకూడదు. 5 దాటితే ఆపాలి.

ఇది మోకాటిచిప్ప నొప్పికి, మడమ వెనక టెండన్ నొప్పికి బాగా సరిపోతుంది. ఎముక నొప్పికి ఇంత ఉదారంగా ఉండకూడదు. అందుకే అన్న గీత 5 దగ్గర, నా గీత 2 దగ్గర. ఒకే గ్రౌండ్‌లో, ఒకే ఉదయం, ఇద్దరికీ 3 వచ్చిందనుకోండి. అన్న పరుగెత్తొచ్చు, నేను నడవాలి.

మార్కులు మూడుసార్లు రాసుకోవాలి: పరుగుకు ముందు, పరుగులో, మర్నాడు పొద్దున. మూడోదే అసలుది. పరుగులో ఒళ్ళు వేడెక్కితే నొప్పి దాక్కుంటుంది, పొద్దున లేచిన మొదటి అడుగులో నిజం తెలుస్తుంది. నేను ఎక్సెల్ షీటులో తేదీ, దూరం, ఏ రోడ్డు, ఏ బూట్లు, నొప్పి పేరు, మూడు మార్కులు రాస్తున్నాను. లాగ్ లేకుండా డీబగ్ చేయలేమని మనకు ల్యాబ్‌లో చెప్తారు కదా, కాలికీ అంతే. ఇంకో ల్యాబ్ సూత్రం కూడా పనికొస్తుంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. కొత్త బూట్లు, కొత్త రోడ్డు, ఎక్కువ దూరం, మూడూ ఒకే వారంలో మారిస్తే నొప్పి ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

4. పరుగు ఆపినా తయారీ ఆగదు

రెండు వారాలు ఆపితే చేసిందంతా పోతుందన్న భయం అందరికీ ఉంటుంది. దీన్ని కొలిచారు. 1984లో అమెరికాలో కోయిల్ అనే శాస్త్రవేత్త బృందం బాగా శిక్షణలో ఉన్నవాళ్ళ చేత అన్నీ ఆపించి చూసింది. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం తగ్గింది. అది కూడా పూర్తిగా ఖాళీగా ఉంటే. సైకిల్ తొక్కుతూ ఉంటే ఇంకా తక్కువ పోతుంది.

అదే 1984లో ఇంకో కథ జరిగింది. అమెరికా రన్నర్ జోన్ బెనాయిట్‌కు ఒలింపిక్ మారథాన్ ఎంపిక పోటీకి 17 రోజుల ముందు మోకాలికి ఆర్థ్రోస్కోపీ ఆపరేషన్ అయింది. కాలు కదలలేని రోజుల్లో ఆమె సైకిల్ పెడల్స్‌ను చేతులతో తిప్పుతూ గుండెను పనిలో ఉంచింది. మే 12న ఎంపిక పోటీ గెలిచింది. ఆగస్టు 5న లాస్ ఏంజిలెస్‌లో, మహిళలకు మొదటిసారి పెట్టిన ఒలింపిక్ మారథాన్‌లో 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో స్వర్ణం తెచ్చుకుంది. ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెప్తారు. కథలో తక్కువగా వినిపించే ముక్క ఒకటుంది. ఆపరేషన్ తర్వాత తొందరగా పరుగులోకి దిగడంతో రెండో కాలి తొడ వెనక కండరం పట్టేసింది. కుంటుకుంటూ పరుగెత్తితే నొప్పి ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోతుంది. అందుకే ఫిజియోలు చెప్పే నియమం: నడక తీరు మారిందంటే ఆ రోజుకు పరుగు లేదు, మార్కులు ఎన్నైనా సరే.

మన దగ్గర జిమ్, స్విమ్మింగ్ పూల్ లేకపోయినా దారులున్నాయి. సైకిల్ ఉంది. మొదటి రెండు వారాలు నేను పొద్దున పాకాల రోడ్డు మీద సైకిల్ తొక్కాను. పరుగుకు పెట్టుకున్న గంటలే, వారానికి నాలుగు రోజులు, ఒక రోజు నిమిషం వేగంగా, నిమిషం నెమ్మదిగా. సైకిల్ మీద కాలికి దెబ్బ ఉండదు, ఊపిరికి మాత్రం పని ఉంటుంది. ఈత బాగా వచ్చినవాళ్ళు నీళ్ళలో కాళ్ళు నేలకు తగలకుండా పరుగు కదలిక చేయొచ్చు. బావిలో అయితే ఒంటరిగా వద్దు.

5. కాలికి బలం

విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది కానీ కాలి శక్తి పెరగదు. తిరిగి పరుగు మొదలుపెట్టగానే నొప్పి మళ్ళీ వచ్చేది అందుకే.

మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ నొప్పి మీద 1998లో స్వీడన్ డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ ఒక పద్ధతి ప్రచురించారు. మెట్టు అంచు మీద ముంగాళ్ళతో నిలబడి, మడమను నిదానంగా మెట్టు కిందికి దించడం. 15 సార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు తిన్నగా పెట్టి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. పరికరం ఏమిటంటే ఇంటి ముందు మెట్టు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఇంకా తక్కువ సార్లు చేసినా, బరువు పట్టుకుని చేసినా పని చేస్తుందని చూపించాయి. టెండన్‌కు నిదానమైన బరువు కావాలన్న మూల విషయం మాత్రం నిలిచింది.

మోకాటిచిప్ప నొప్పికి బలం కావాల్సింది తొడ ముందు కండరానికి, తుంటి పక్క కండరానికి. అన్నకు ఇచ్చినవి: గోడకు ఆనుకుని గోడకుర్చీ, పక్కకు పడుకుని కాలెత్తడం, చిన్న మెట్టు ఎక్కి నిదానంగా దిగడం. నాకు ఇచ్చినవి: మునివేళ్ళ మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడడం, కాలివేళ్ళతో తువ్వాలు దగ్గరికి లాక్కోవడం. బళ్ళో శిక్షగా వేసిన గోడకుర్చీ ఇక్కడ మందు. ఇవన్నీ రోజు విడిచి రోజు, 20 నిమిషాలు. మధ్యలో ఖాళీ రోజు ఎందుకంటే బరువు పడిన తర్వాత టెండన్ కొత్త పోగులు కట్టుకోవడానికి ఒకటిన్నర రోజు దాకా పడుతుంది.

అడుగు కూడా చూసుకోవాలి. పొడుగ్గా ముందుకు వేసే అడుగు మోకాలి మీద, పిక్క ఎముక మీద ఎక్కువ బరువు వేస్తుంది. అదే వేగంతో అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లో హైడర్‌షైట్ బృందం కొలిచి చూపింది. నాది నిమిషానికి 162 ఉండేది, ఇప్పుడు 170. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుంటే వారంలో అలవాటవుతుంది.

6. తిరిగి మొదలుపెట్టే లెక్క

మొదలుపెట్టడానికి ముందు రెండు పరీక్షలు. 30 నిమిషాలు వేగంగా నడిస్తే నొప్పి ఉండకూడదు. తొక్కుడుబిళ్ళ ఆటలోలా నొప్పి ఉన్న కాలి మీద 20 సార్లు గెంతితే నొప్పి ఉండకూడదు. నాకు రెండో వారం చివర ఇవి రెండూ కుదిరాయి.

మూడో వారం: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు, రోజు విడిచి రోజు. నాలుగో వారం: మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. ఐదో వారం: ఆపకుండా 5 కిలోమీటర్లు, మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా.

తర్వాత ఎంతెంత పెంచాలి? వారానికి 10 శాతం అని అందరూ చెప్తారు. ఈ నియమానికి ఆధారం అనుకున్నంత గట్టిది కాదు. 2008లో నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 8 వారాల మామూలు ప్రణాళిక, ఇంకో గుంపుకు 13 వారాల నిదానమైన ప్రణాళిక ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ గాయాలైనవాళ్ళు దాదాపు ఐదింట ఒక వంతు. తేడా లేదు. 2025లో డెన్మార్క్ పరిశోధకుల నాయకత్వంలో 5,200 మందికి పైగా రన్నర్ల వాచీల లెక్కలు చూస్తే ఇంకో విషయం బయటపడింది. వారం మొత్తం దూరం కంటే ఒక్క రోజు దూరమే ముఖ్యం. గత 30 రోజుల్లో ఎంత పొడవైన పరుగు చేశారో దానికంటే 10 శాతం మించి ఒకే రోజు పరుగెత్తితే గాయం ప్రమాదం పెరుగుతోంది. అంటే ఆదివారం లాంగ్ రన్ దగ్గరే జాగ్రత్త పడాలి.

ఇక్కడ నా రేసు లెక్క తేలింది. ఐదో వారంలో 5 కిలోమీటర్లు. వారానికి 10 శాతం చొప్పున, 5ను 1.1తో ఏడుసార్లు గుణిస్తే పన్నెండో వారానికి 9.74. అది 10కె రేసుకు సరిపోతుంది. 21కి చేరాలంటే పదిహేనుసార్లు గుణించాలి, అప్పుడు 20.9. అంటే ఇరవయ్యో వారం, అక్టోబర్ మధ్య. ఆగస్టులో హాఫ్ ఏ లెక్కలోనూ పట్టదు. నాలుగు లైన్ల లూప్ రాసి చూసినా, కాగితం మీద చేసినా అదే జవాబు. అందుకని ఆగస్టుకు 10కె కి పేరిచ్చాను. మొదట మనసు ఒప్పుకోలేదు, హాఫ్ అని అందరికీ చెప్పుకున్నాను కదా. కానీ లెక్క ముందు పెట్టుకుంటే బాధ పడడానికి పెద్దగా ఏమీ మిగలలేదు.

7. అన్న లెక్క వేరు

అన్నకు దూరం తగ్గించుకునే వీలు లేదు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ సివిల్ పోస్టులకు మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. అయితే ఈ అంకెలను విడదీసి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. 400 మీటర్ల రౌండుకు మగవాళ్ళకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, ఆడవాళ్ళకు 2 నిమిషాల 40 సెకన్లు. దీని కోసం రోజూ పది కిలోమీటర్లు తారురోడ్డు మీద ఉరకాల్సిన పని లేదు. మన గ్రౌండ్‌లలో చాలామంది చేస్తున్నది అదే, అన్న కూడా అట్లాగే ఉరికేవాడు.

ఇప్పుడు అన్న వారానికి మూడు రోజులే పరుగెత్తుతున్నాడు. ఒక రోజు 4 కిలోమీటర్లు నెమ్మదిగా మట్టి మీద. ఒక రోజు 400 మీటర్లు 1 నిమిషం 45 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక, ఐదుసార్లు. ఒక రోజు 800 మీటర్లు రెండుసార్లు. మిగతా రోజులు సైకిల్, బలం వ్యాయామాలు. నొప్పి మార్కులు 4 నుంచి 2కు వచ్చాయి. "తక్కువ ఉరికితే టైమింగ్ పోతదేమో చెల్లె" అని మొదట్లో భయపడ్డాడు. పోలేదు. ఆరు వారాల తర్వాత 1600 పెట్టి చూస్తే 7 నిమిషాల 4 సెకన్లు వచ్చింది.

8. రోడ్డు, ఎండ, తిండి

తారురోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటుంది, వాన నీళ్ళు పోవడానికి. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పోతూ ఒక పక్క, వస్తూ అదే పక్క ఉంటే రెండు కాళ్ళకూ సమానమవుతుంది, బండ్లు తక్కువుండే వేళ చూసుకోవాలి. మొక్కజొన్నలు ఆరబోసిన రోజుల్లో రోడ్డు సగమే మిగులుతుంది, అప్పుడు గ్రౌండే నయం.

హైదరాబాద్ రేసులో ఫుల్ మారథాన్ నెక్లెస్ రోడ్ దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది. ఆ రేసుకు ఫ్లైఓవర్ల పేరు ఉంది. ఎక్కేటప్పుడు పిక్క మీద, దిగేటప్పుడు మోకాలి మీద భారం పడుతుంది. నర్సంపేట చుట్టూ అంత ఎత్తుపల్లాలు లేవు కాబట్టి చివరి నాలుగు వారాల్లో పాకాల చెరువు కట్ట ఎక్కి దిగడం పెట్టుకున్నాను.

ఎండకు శరీరం అలవాటు పడడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. మే నెలలో తెల్లారి ఐదింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా ఇంట్లో ఉండడమే మార్గం.

తిండి గురించి అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. పరుగు పెంచి తిండి పెంచకపోతే శరీరం ముందు పొదుపు చేసేది నెలసరిలో, ఎముకలో. వరసగా మూడు నెలలు నెలసరి రాలేదంటే "పరుగు వల్ల అంతే" అని వదిలేయకుండా డాక్టర్‌ను కలవాలి. స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు అది పెద్ద సూచన. పప్పు, గుడ్లు, పాలు, జొన్నరొట్టె, ఆకుకూరలు, వీటికి మించిన సప్లిమెంట్ ఏదీ నాకు ఫిజియో రాయలేదు. హిమోగ్లోబిన్ పరీక్ష మాత్రం చేయించుకోమన్నారు. మన జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్ళిన దీప్తి జీవన్‌జి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చాక, ఊళ్ళో అమ్మాయిలు పొద్దున గ్రౌండ్‌కు పోతామంటే వద్దనే మాటలు కొంచెం తగ్గాయి. తిండి మాట కూడా అట్లాగే మారాలి.

9. సూది, గోలీ, గుంజుడు

"ఒక సూది ఏయించుకో, పోతది" అనే సలహా ప్రతి ఊళ్ళో ఉంటుంది. పరుగుకు ముందు నొప్పి గోలీ వేసుకోవడంలో రెండు ప్రమాదాలు. ఒకటి, మార్కులు తప్పు వస్తాయి, 5 ఉన్నచోట 1 కనిపిస్తుంది. రెండు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలకు దెబ్బ చేస్తాయి. ఎండలో రెండు గంటల పరుగంటే నీళ్ళు తగ్గడమే.

బెణికిన కాలును పట్టుకుని గట్టిగా గుంజడం, తోమడం మొదటి రెండు మూడు రోజులు వద్దు. లోపల రక్తం కారుతుంటే అది పెరుగుతుంది. ఉప్పు కాపడం కూడా అప్పుడే వద్దు. ఐస్ గురించి కూడా అభిప్రాయం మారింది. విశ్రాంతి, ఐస్, బిగుతు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐస్ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో తానే రాశారు. ఐస్ నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, అంతవరకే దాని పని. మెత్తగా కట్టు కట్టి, కాలు ఎత్తులో పెట్టుకుని, రెండు రోజుల తర్వాత నొప్పి రానిచ్చినంత కదిలించడం ఇప్పటి పద్ధతి.

10. ఎప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి

ఎముక మీద ఒకే చోట పోటు. రాత్రి సలుపు. ఒంటికాలి మీద గెంతలేకపోవడం. బెణికాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం. మోకాలు వాచడం, మధ్యలో ఇరుక్కుపోవడం. కాలు తిమ్మిరితో పాటు నడుం నొప్పి. రెండు వారాలు బరువు తగ్గించినా మార్కులు దిగకపోవడం. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. "ఎక్స్‌రే నార్మల్" అన్నారని పరుగు మొదలుపెట్టకుండా, నొప్పి అట్లాగే ఉంటే ఎమ్మారై అవసరమా అని అడగండి.

ఇది రాస్తున్నప్పుడు నేను తొమ్మిదో వారంలో ఉన్నాను. నిన్నటి పరుగు 7.3 కిలోమీటర్లు, మూడు మార్కులూ 1 లోపే. నర్సంపేట నుంచి పాకాల కట్ట దాకా పోయి వస్తే అటూ ఇటూ ఒక హాఫ్ మారథాన్ అవుతుంది. అక్టోబర్‌లో లెక్క 20.9 దగ్గరికి వచ్చాక ఒక ఆదివారం తెల్లారి బయల్దేరుతున్నాను. అన్న సైకిల్ మీద నీళ్ళ సీసాలతో వస్తానన్నాడు. పరుగెత్తేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ముందు మీ పొడవైన పరుగు ఎంతో రాసి పంపండి.